హెడింగ్లీలో ఏడో నంబరు

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఉన్న హెడింగ్లీ మైదానం అనగానే మన బడి బ్యాచ్‌లోని క్రికెట్ పిచ్చివాళ్లకు 2002 టెస్టులో ద్రవిడ్, సచిన్, గంగూలీ కొట్టిన సెంచరీలే గుర్తుకొస్తాయి. ఆ మైదానాన్ని ఆనుకునే, రెంటికీ ఉమ్మడిగా ఉన్న స్టాండుకు అవతలి పక్కన, లీడ్స్ రైనోస్ అనే రగ్బీ లీగ్ జట్టు మైదానం ఉంది. పీజీ చదువుకోసం వెళ్లి ఆ పేటలోనే అద్దెకున్న కాలంలో ఆ జట్టులో రాబ్ బరో ఆట చూశాను. మన బడిలో కబడ్డీ జట్టు ఎంపికకు ఎత్తు ప్రకారం నిలబెట్టినప్పుడల్లా మాస్టారి చూపు మా దాకా రాకుండానే జట్టు నిండిపోయేది కనుక, ఆనాటి పొట్టివాళ్ల తరఫున ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

రగ్బీ లీగ్ ఉత్తర ఇంగ్లండులో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే వాళ్ల ఆట. ఆటకోసం పని మానుకున్న రోజుకు కూలి కట్టివ్వాలన్న తగవు ముదిరి, 1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని ఒక హోటల్లో సమావేశమైన ఉత్తరాది క్లబ్బులు పాత సంఘం నుంచి విడిపోయాయి. ఇప్పుడు జట్టుకు 13 మంది ఆడతారు. బంతితో దూసుకొచ్చే వాణ్ణి అవతలివాళ్లు ఒడిసిపట్టి పడేస్తారు. ఆరుసార్లు అలా పట్టుబడితే బంతి చేతులు మారుతుంది. కూత లేని కబడ్డీ అనుకోండి, కాకపోతే ఎదురుగా వచ్చేవాళ్లలో చాలామంది వంద కిలోల మనుషులు.

1982లో పాంటిఫ్రాక్ట్‌లో పుట్టిన బరో ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలే. 2001లో లీడ్స్ సీనియర్ జట్టులోకి వచ్చి, 2017లో ఆట విరమించేదాకా వేరే క్లబ్బు గడప తొక్కకుండా 492 మ్యాచ్‌లు ఆడి, ఈ ఆటలో అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్‌లో ఎనిమిది టైటిళ్లు గెలిచిన జట్లలో భాగమయ్యాడు. ఏడో నంబరు చొక్కాతో మొదట దాడిని నడిపించే స్క్రమ్ హాఫ్‌గా ఆడినవాడు, తర్వాతి ఏళ్లలో ఎక్కువగా, పట్టుబడ్డ చోటినుంచి బంతి అందుకుని ఆట మొదలుపెట్టే హుకర్ స్థానంలో, చాలాసార్లు బెంచి మీంచి లేచి వచ్చి ఆడాడు. అవతలివాళ్లు అలిసిపోయిన వేళకు అతన్ని దింపడంలో ఉన్న తెలివి నాకు 2011 సూపర్ లీగ్ ఫైనల్లో అర్థమైంది.

ఆ ఏడు లీగ్ పట్టికలో లీడ్స్‌ది ఐదో స్థానం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఎదుటనున్నది సెయింట్ హెలెన్స్. బెంచి మీంచి వచ్చిన బరో మైదానం మధ్య ప్రాంతంలో బంతి అందుకుని, మీదికి వచ్చిన ఆటగాడి చేతుల కిందుగా వంగి దూరి బయటపడ్డాడు. పొడుగు మనిషైతే ఆ చేతులకు ఛాతీ తగిలి అక్కడే కూలేవాడు. ఆపైన చివరి కాపు అయిన ఫుల్‌బ్యాక్‌ను ఒక్క పక్క అడుగుతో తప్పించి, అవతలి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చాడు. లీడ్స్ 32–16తో గెలిచింది. ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హ్యారీ సండర్లాండ్ ట్రోఫీ, 2007 తర్వాత రెండోసారి అతనికే దక్కింది.

2019 డిసెంబరులో, 37 ఏళ్ల వయసులో, అతనికి మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్నట్టు తేలింది. కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు అది. పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ 2020లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరుగెత్తి విరాళాలు పోగుచేయడం, 2023 లీడ్స్ మారథాన్‌లో మిత్రుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ పరుగెత్తి చివరి గీత దగ్గర చేతుల్లోకి ఎత్తుకుని దాటించడం లోకమంతా చూసింది. 2024 జూన్ 2న బరో కన్నుమూశాడు. అతని పేరిట లీడ్స్‌లో కట్టదలచిన చికిత్సా కేంద్రానికి, కుటుంబం కోరిక మేరకే, మర్నాడు పనులు మొదలయ్యాయి.

ఈ కథ ఎంత గొప్పదైనా, కుర్చీలోని మనిషి ఫొటో ఒక్కటే జనం మనసులో మిగిలిపోయి ఆటగాడు మరుగున పడతాడేమోనని నాకు బెంగగా ఉండేది. రగ్బీ లీగ్ పెద్దలకూ అలాగే తోచిందో ఏమో, ఫైనల్లో ఉత్తమ ఆటగాడి పురస్కారాన్ని 2024 నుంచి రాబ్ బరో అవార్డుగా ఇస్తున్నారు. మొదటగా అందుకున్నది విగాన్ ఆటగాడు బెవన్ ఫ్రెంచ్.