వేగం చెప్పే గొట్టం మూసుకుపోతే

విమానంలోకి ఎక్కేముందు ముక్కు వైపు ఒకసారి చూస్తే, కాక్‌పిట్ కిందుగా ముందుకు పొడుచుకొచ్చిన చిన్న వంకర గొట్టాలు కనిపిస్తాయి. వాటిని పిటో ట్యూబులంటారు. 1732లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ పిటో పారిస్‌లో సీన్ నది ప్రవాహ వేగాన్ని కొలిచిన ఉపాయమే నేటి జెట్ విమానాల్లోనూ పనిచేస్తోంది. ఎదురుగాలి గొట్టంలో ఆగినప్పుడు కలిగే పీడనం నుంచి, విమానం పక్కభాగంలోని సన్నని రంధ్రాల దగ్గర ఉండే స్థిర పీడనాన్ని తీసివేస్తే, ఆ తేడాను బట్టి వేగం తెలుస్తుంది. ఇంత సులువైన పరికరం కాబట్టే దాని మీద మనకు అంత నమ్మకం.

ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతింటుందో 2009 జూన్ 1న రియో నుంచి పారిస్‌కు వెళ్తూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 చెబుతుంది. ఆ ఎయిర్‌బస్ ఏ330కి మూడు పిటో గొట్టాలున్నాయి. ఒకటి చెడితే మిగిలిన రెండూ దాన్ని తప్పు పట్టాలన్నది ఏర్పాటు. కానీ మూడూ ఒకే రకానివి, మూడూ ఒకే మేఘంలో ఉన్నాయి. గొట్టాలకు విద్యుత్ హీటర్లున్నా, అంత ఎత్తులో ఎదురైన మంచు స్ఫటికాలు వాటిని కొద్దిసేపు, నిమిషం లోపే, మూసేశాయి. వేగం లెక్కలు పొంతన లేకుండా పోవడంతో ఆటోపైలట్ తప్పుకుంది. పైలట్ ముక్కు పైకెత్తాడు, విమానం స్టాల్ అయింది, అంటే గాలికి రెక్కల కోణం మితిమీరి వాటికి ఎత్తి నిలిపే బలం తగ్గిపోయింది, నాలుగున్నర నిమిషాలు కూడా గడవకముందే 228 మంది ప్రాణాలు పోయాయి. మూడు పరికరాలు పెట్టడం మూడు సాక్ష్యాలు సేకరించడంతో సమానం కాదని నా అభిప్రాయం. ముగ్గురు సాక్షులూ ఒకే కిటికీలోంచి చూసినవాళ్లైతే వాళ్ల మాట కలిసినా, కలవకున్నా ప్రయోజనం తక్కువే.

దర్యాప్తు నివేదికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం మంచు కాదు, స్టాల్ హెచ్చరిక. కొలిచిన వేగం 60 నాట్ల (గంటకు సుమారు 111 కిలోమీటర్ల) కంటే తగ్గితే, గాలికీ రెక్కకూ మధ్య కోణాన్ని కొలిచే సెన్సర్ల విలువలు చెల్లవని కంప్యూటర్ పక్కన పెట్టేస్తుంది. నేల మీద నెమ్మదిగా కదిలే విమానం విషయంలో ఇది సబబైన నియమమే. అయితే ఆ రాత్రి విమానం 40 డిగ్రీలు దాటిన కోణంలో పడిపోతుండడంతో, మంచు వదిలిన గొట్టాలు కూడా గాలికి ఎదురుగా లేక, వేగం ఉన్నదానికంటే బాగా తక్కువగా నమోదైంది. దాంతో స్టాల్ పూర్తిగా ముదిరిన దశలోనే హెచ్చరిక ఆగిపోయింది. ముక్కు కాస్త దించగానే విలువలు మళ్లీ చెల్లుబాటై హెచ్చరిక మోగింది. సరైన పని చేస్తే అరిచి, తప్పు పని చేస్తే ఊరుకున్న పరికరాన్ని ఆ గందరగోళంలో ఎవరు ఎలా అర్థం చేసుకోవాలి? పైలట్ల పొరపాట్లు లేవని కాదు గానీ, చెల్లని కొలతకూ ప్రమాదం లేకపోవడానికీ ఒకే నిశ్శబ్దాన్ని కేటాయించిన రూపకల్పనకు కూడా అందులో వాటా ఉంది.

ఆ ఏడాదే యూరోపియన్ భద్రతా సంస్థ ఈ తరహా విమానాల్లో పాత థేల్స్ కంపెనీ గొట్టాలను తీయించి, మూడింటిలో కనీసం రెండు గుడ్‌రిచ్ కంపెనీవి ఉండాలని ఆదేశించింది. గాలి కోణాన్ని పైలట్ల కళ్లెదుట నేరుగా చూపే సూచికను తప్పనిసరి చేయాలేమో పరిశీలించాలని 2012 నాటి తుది నివేదిక సిఫారసు చేసింది. గొట్టాలు మార్చడం కంటే నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.