నొప్పి లేకుండా వచ్చింది

గుండెలో నొప్పి వస్తే ఎవరైనా ఆసుపత్రికి పరుగెత్తుతారు. నాకు పక్షవాతం వచ్చినప్పుడు ఏ నొప్పీ లేదు. అందుకే ఈ జబ్బంటే నాకు ఎక్కువ భయం.

నర్సంపేట దగ్గర మా కళ్లంలో మిర్చి తాలు కాయలు ఏరుతున్నాం. నా ఎడమ చేతిలోంచి కాయలు జారిపోయాయి. మళ్లీ పట్టుకుందామంటే వేళ్లు మాట వినలేదు. కూలీలు ఎండదెబ్బ అనుకుని నీళ్లు తాగించబోతే నా కోడలు ఆపింది.

"మామయ్యా, ఒకసారి నవ్వండి" అంది. మూతి ఒక పక్కకు పోయింది. చేతులు చాపమంటే ఎడమది వాలిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. ఆమె ఫోన్‌లో టైం చూసుకుని వెంటనే 108కి చేసింది. "గాలి సోకింది, పసరు పోయిస్తే తగ్గుతది" అని ఒకరిద్దరన్నా వినలేదు. కోడలి వాళ్ల నాయనను అలాగే పసరు మందుకు తిప్పి, మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన మళ్లీ లేచి నడవలేదు.

వరంగల్ ఆసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి మాట, "చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు?" కోడలు చెప్పగలిగింది. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ కడితే కరిగించే సూది మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. గడ్డ కాకుండా మెదడులో రక్తనాళం చిట్లి ఉంటే అదే సూది ప్రాణం తీయొచ్చు. అందుకే ముందు సీటీ స్కాన్. ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దనేదీ అందుకే. గొంతు సరిగా మింగలేనప్పుడు నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిద్రలో వస్తే, పడుకునే ముందు బాగున్న సమయం నుంచే ఆ గంటల లెక్క.

నాది గడ్డే, సూది ఇచ్చారు. మాట త్వరగానే తేటపడింది. చెయ్యి మాత్రం చాలా సతాయించింది. చొక్కా గుండీ పెట్టుకోలేక ఏడ్చిన రోజులున్నాయి. ఫిజియోథెరపీ, బీపీ మాత్రలు ఇప్పటికీ మానలేదు.

మొన్న పక్కింటి బావకు చెయ్యి తిమ్మిరెక్కి, మాట తడబడి, కాసేపటికే సర్దుకుంది. "తగ్గింది గదా" అన్నాడు. తగ్గినా అది పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చని చెప్పి, అప్పటికప్పుడే కారెక్కించాం. మెడ రక్తనాళంలో పూడిక ఉందని తేలింది. ఇప్పుడు వైద్యం నడుస్తోంది.