సిద్దవటం ఏట్లో రొయ్యల మాట

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. నెల్లూరు వైపు బోటు నడిపే మా మామకు తీరిక దొరికేది అప్పుడే. ఈసారి కడప వస్తే సిద్దవటం కోటకు తీసుకెళ్ళాను. మట్లి రాజుల కోట, గోడ పక్కనే పెన్న. ఆయన కోటను ఒక చూపు చూసి నేరుగా ఏట్లోకి దిగాడు.

ఎటు చూసినా ఇసుకే. మామ గొంతుక్కూర్చుని చేత్తో చెలమ తోడాడు. మోచేతి లోతుకు తడి తగిలింది, కాసేపటికి దోసెడు నీళ్ళు ఊరాయి. తేటపడనిచ్చి ఒక గుక్క తాగి, "తియ్యగుండాయి అల్లుడూ. ఈ నీళ్ళు మా మొగకు రాని ఏడు రొయ్య పలచనే" అన్నాడు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు.

గట్టు మీద దోసపండు కోసుకుని తింటూ అడిగి అడిగి చెప్పించుకున్నాను. టైగర్ రొయ్య సముద్రంలో లక్షల గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోపే పిల్ల బయటికొస్తుంది. దానికి ఎదురీదే బలం లేదు. రెండు మూడు వారాలు ప్రవాహం ఎటు తోస్తే అటే. మన తీరం వెంట ఆ ప్రవాహం ఎండాకాలంలో ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి నడుస్తుంది. పోటుతోపాటు మొగల్లోకి, ఉప్పుటేళ్ళలోకి చేరిన పిల్లలు ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళలో పెరుగుతాయి. వరదొచ్చి ఉప్పు తగ్గితే మళ్ళీ సముద్రానికి బయల్దేరతాయి. వలలు నిండేది అప్పుడే.

తర్వాత చదివితే ఆస్ట్రేలియాలో కార్పెంటారియా సింధుశాఖ బనానా రొయ్యదీ ఇదే దారి, వానలు బాగా పడిన ఏడు బాగా దొరుకుతుందట. అమెరికాలో ఒరెగాన్ తీరపు గులాబీ రొయ్య మాత్రం ఏటి మొహం చూడదు. వసంతంలో ఉత్తరపు గాలి వేళకు లేచి, అడుగునున్న చల్లటి నీళ్ళు పైకొస్తే పిల్లలు నిలదొక్కుకుంటాయి, మరుసటి ఏడు వలకు అందుతాయి. ఎల్ నినో వచ్చి సముద్రం వేడెక్కితే దెబ్బే. ఎల్ నినో అనగానే కరువుకు భయపడే సీమవాణ్ణి, అక్కడి బోటువాళ్ళ దిగులు నాకు బాగానే అర్థమైంది.

పెన్న నీళ్ళు సముద్రం పాలై వృథా అవుతున్నాయని మేం చిన్నప్పటి నుంచీ అంటున్నాం. ఎండిన చేను చూసినవాడి నోట ఆ మాట రావడం తప్పు కాదు. కానీ వృథా అనడం మాత్రం నిజం కాదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. పెన్న మీది సోమశిల డ్యాం గేట్ల సంగతి ఎత్తితే మామ, "మీ చేలు ఎండబెట్టి మాకు ఇమ్మంటామా? వానల్లో పొర్లే నీళ్ళనైనా మొగదాకా రానీండి" అన్నాడు.