ఉప్పునీటికి వేరే ఎర

నెల్లూరు చెరువు గట్టున వానపాము గుచ్చితే చాలు, జెల్లలు గాలానికి పడేవి. ఇక్కడ చెన్నై ఎన్నూరులో, ఏరు సముద్రంలో కలిసే అలివి దగ్గర లెక్కే వేరు. ఉప్పునీరు వానపాము ఒంట్లో నీటిని లాగేస్తుంది, కాసేపటికే అది కదలిక లేకుండా వేలాడిపోతుంది. అందుకే మా పక్కింటి పెద్దాయన సముద్రపు పోటు తగ్గాక బురద తవ్వి సముద్రపు పురుగులు తీస్తారు. ఇవాళ ఒకటి నా అరచేతిలో పెట్టారు. ఒళ్లంతా ఎర్రటి గణుపులు, ప్రతి గణుపుకీ రెండు పక్కలా నూగు కాళ్లు. తల దగ్గర నొక్కితే లోపల్నుంచి నల్లటి దవడలు బయటికి తన్నుకొచ్చాయి! ఎంత అద్భుతమైన జీవో!

"తల వైపు నుంచి గుచ్చు నాయనా, తోక ఆడనీ" అన్నారు. చిన్నవి దొరికితే మళ్లీ బురదలోకే వదిలేస్తారాయన, తవ్విన గుంటలు కూడా పూడ్చేస్తారు. ఆ పద్ధతి మీద నాకు చాలా గౌరవం. వచ్చే ఆదివారం పార నేనే మోస్తానని చెప్పాను.