పుస్తకం చూసి చేసే ప్రార్థన

మా పుట్టిల్లు నరసాపురం దగ్గర. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల సేవతో బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ కూడికలు వేళ్లూనుకున్న ప్రాంతం. మా ఆదివారం కూడికకి పాస్టర్ ఉండడు, అచ్చువేసిన ఆరాధన క్రమం ఉండదు. బల్ల మీద రొట్టె, ద్రాక్షారసం. చుట్టూ మౌనం. ఆత్మ ప్రేరేపించిన సహోదరుడు లేచి పాట నంబరు చెబుతాడు, ఇంకొకరు ప్రార్థిస్తారు. ఆ మౌనమంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

భీమవరం వైపు లూథరన్ ఇంటికి కోడలిగా వచ్చాను. మొదటి ఆదివారం అయ్యగారు, అంటే అక్కడి పాస్టర్, పుస్తకంలోంచి ఒక మాట చదవడం, సంఘమంతా జవాబివ్వడం. నేను పేజీ వెతుక్కునేలోపే అయిపోయింది. రాసిపెట్టింది చదివితే అది ప్రార్థన ఎలా అవుతుందని మా ఆయన్ని నిలదీశాను.

బాప్తిస్మం మళ్లీ అక్కర్లేదు, సంఘంలో పూర్తిగా చేర్చుకునే ముందు పెట్టే కన్ఫర్మేషన్ క్లాసులకి మాత్రం రమ్మన్నారు. బడిపిల్లల మధ్య కూర్చోవడం మొదట్లో టెన్షనే. లూథరన్లకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో విశ్వాస ప్రమాణం దగ్గర ఆగిపోయాను. నా బుద్ధితో, నా బలంతో నేను నమ్మలేను, పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచాడు అని అర్థం వచ్చే మాట అక్కడుంది. పుస్తకంలో ఆత్మ ఉండడనుకున్న దాన్ని, ఆ రాత్రి నిద్రపోలేదు.

అయినా ఆరాధనలో అందరం కలిసి చెప్పే పాపపు ఒప్పుకోలు మాత్రం నోటికి వచ్చేది, మనసుకి పట్టేది కాదు. మా అత్తయ్యకి అక్షరం రాదు, క్రమమంతా కంఠతా వచ్చు. ఆవిడే చెప్పింది: "మొదలెట్టే ముందు అయ్యగారు కాస్త ఆగుతారు చూడు, అప్పుడు ఈ వారం నువ్వు చేసిన తప్పు పేరు పెట్టి చెప్పుకో. తర్వాత మాతో కలువు." అలాగే చేశాను. ఆ రోజు గొంతు వణికింది.

ఇంకో సంగతి కూడా తట్టింది. మా పుట్టింటి కూడికలో ఆడవాళ్లం పాటల్లో తప్ప నోరెత్తం. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలనే మాటకి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం చూపిస్తారు. ఆరాధనలో నా మాట నాకే వినపడింది ఈ లూథరన్ ఆరాధన క్రమంలోనే.

మొన్న సంక్రాంతికి పుట్టింటికెళ్లాను. ఆదివారం ముసుగేసుకుని మౌనంలో కూర్చుని ఆ ఒప్పుకోలే లోపల చెప్పుకున్నాను. బయటికొచ్చాక అమ్మ అడిగింది, "పెదాలు కదులుతున్నాయి, ఏం చదువుకున్నావే?" చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. రైలెక్కే ముందు, అది కాగితం మీద రాసిచ్చి వెళ్లమంది.