రికార్డో లెక్క, నా డిగ్రీ చదువు

డిగ్రీలో అర్థశాస్త్రం చదివిన రోజుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది 1817లో ఆంగ్ల ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇచ్చిన ఒక చిన్న లెక్క. నిర్ణీత పరిమాణంలో ద్రాక్షసారా తయారుకావడానికి పోర్చుగల్‌లో 80 మంది, ఇంగ్లండ్‌లో 120 మంది ఏడాది పాటు శ్రమించాలి. బట్టకైతే పోర్చుగల్‌లో 90 మంది, ఇంగ్లండ్‌లో 100 మంది కావాలి. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి అయినా, అది తన ఆధిక్యం ఎక్కువగా ఉన్న ద్రాక్షసారాకే పరిమితమై బట్టను ఇంగ్లండ్ నుంచి తెచ్చుకుంటే రెండు దేశాలకూ లాభమేనని తేలినప్పుడు, తర్కానికి ఇంత అందం ఉంటుందా అని ఎంతో ఆనందించాను. అయితే ఆ లాభం దేశంలో ఎవరికి చేరుతుందో, పని పోయిన నేతగాడి గతి ఏమిటో ఆ లెక్క చెప్పదు. గణితమూ గణాంకశాస్త్రమూ అవసరమే. కానీ ఒక సిద్ధాంతం ఏ ఊహల మీద నిలిచిందో అడగడం నేర్పిన తరగతులే, నా దృష్టిలో, ఈ చదువుకు ప్రాణం. సుంకాల మీద చర్చ విన్నప్పుడల్లా, పెట్టుబడి సులభంగా దేశం దాటదన్న రికార్డో ఊహ నేటికి ఎంతవరకు వర్తిస్తుందో ముందుగా ఆలోచిస్తాను.