కనిపించలేదన్నాను, నొక్కింది మాత్రం కరెక్టే

"తలస్నానం చేసి రండి, నూనె మాత్రం పెట్టుకోవద్దు" అని మెసేజ్ వచ్చింది. నేను చూసుకునేసరికే మా ఆవిడ ఆదివారం కదా అని మాడు నిండా కొబ్బరినూనె పట్టించేసింది. సోమవారం పొద్దున రెండుసార్లు షాంపూ రుద్దుకుని, బెంగళూరు మత్తికెరె నుంచి ఆటోలో మల్లేశ్వరంలోని ల్యాబుకు వెళ్లాను. చూపు మీద ప్రయోగానికి వాలంటీర్లు కావాలని ఆఫీసు మిత్రుడు చెబితే పేరిచ్చాను. మూడు గంటల పని.

సంతకాలు, కంటి పరీక్ష తొందరగానే అయిపోయాయి. టోపీ దగ్గరే ఆలస్యం. మెదడు విద్యుత్ సంకేతాలను పట్టే, 64 ఎలక్ట్రోడ్లున్న ఈఈజీ టోపీ అది. పీహెచ్‌డీ చేస్తున్న అనంతపురం అమ్మాయి మొద్దు సూది సిరంజితో ఒక్కో కన్నంలో చల్లటి జెల్ ఎక్కిస్తుంటే, స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే పచ్చగా మారుతున్నాయి. తల వెనక రెండు మాత్రం మారనంటున్నాయి.

"అన్నా, నూనె పెట్టుకున్నారా?"

"నిన్న... కొంచెమేనమ్మా."

"మాకు కావాల్సిందే అక్కడన్నా!" అని దూదితో గట్టిగా రుద్దింది. కంటి నుంచి వచ్చే సమాచారం మెదడు పైపొరలో మొదట చేరే వీ1 ప్రాంతం అక్కడే ఉంటుంది మరి.

చీకటి గదిలో స్క్రీన్ మధ్య ఒక ప్లస్ గుర్తు. ఒక వాలు గీత 17 మిల్లీసెకన్లు మెరుస్తుంది, వెంటనే దాని చోట గజిబిజి గీతలు. గీత ఎటు వాలిందో నొక్కాలి. తర్వాత ఎంత స్పష్టంగా కనిపించిందో 1 నుంచి 4 వరకు చెప్పాలి. రెప్ప వేయకూడదు, కళ్లలో నీళ్లు. చాలాసార్లు నాకు గీతే కనిపించలేదు. స్కూల్లో బిట్ పేపర్‌కు కొట్టినట్టు ఏదో ఒకటి కొట్టేసి, 1 నొక్కాను.

చివర్లో ఆ అమ్మాయి లెక్క చూసి, "1 నొక్కినవాటిలో కూడా సగం కంటే బాగా ఎక్కువే కరెక్టన్నా" అంది. నేను నమ్మలేదు. కనిపించని గీత వాలు నాకెలా తెలుస్తుంది?

కంటి సంకేతం వీ1 నుంచి పై ప్రాంతాలకు సుమారు 100 మిల్లీసెకన్లలో ఎగబాకుతుందట. చెయ్యి సరిగ్గా నొక్కడానికి ఆ పరుగు చాలు. కానీ చూశానని మనకు తెలియాలంటే పైనుంచి జవాబు తిరుగుటపాలో వీ1కి చేరాలి. అది వచ్చేసరికి అక్కడ గజిబిజి గీతలు కూర్చుని ఉంటే, అందుకునేవాడు లేని ఉత్తరమే. మెదడు శాస్త్రవేత్త విక్టర్ లామె వాదన ఇది. 2001లో పాస్కువల్-లియోన్, వాల్ష్ అనే పరిశోధకులు ఇంకో దారిలో చూపించారు. కదలికను పట్టే వీ5ని అయస్కాంత పల్స్‌తో తడితే కదిలే మెరుపు కనిపిస్తుంది. కొద్ది మిల్లీసెకన్ల తర్వాత వీ1ని కూడా తడితే ఆ కదలిక తెలియదు. అందరూ ఒప్పుకోరు లెండి. స్టానిస్లాస్ దెహాన్ లాంటి శాస్త్రవేత్తలు మెదడు ముందు భాగాలూ కలిస్తేనే అది ఎరుకలోకి వస్తుందంటారు. నాకైతే తిరుగుటపా మాటే నచ్చింది, ఎందుకంటే తర్వాత ఆ అమ్మాయి ఒక బొమ్మ చూపించింది.

నల్లటి, తెల్లటి మరకలు, అంతే. ఎంత చూసినా ఏమీ తోచలేదు. తర్వాత అసలు ఫొటో పెట్టింది. గేదె ముఖం. మళ్లీ ఆ మరకలే వేస్తే కొమ్ములు, ముట్టె, చెవి అన్నీ ఉన్నాయి! మరకల్లో చుక్క కూడా మారలేదు, మారింది పైనుంచి వచ్చే జవాబే అనిపించింది. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా గేదె పోవడం లేదు.

తల తుడుచుకున్నాననుకునే ఇంటికొచ్చాను. తలుపు తీయగానే మా ఆవిడ నా జుట్టు పట్టి చూసి, "నూనె వద్దన్నారుగా, మరి ఈ జిగురేంటండీ?" అంది.